ముఖపత్రం వెనుక పుట



గుణింతాల గురించో, ఒత్తుల గురించో, ఆదివారం తరగతికి పిల్లలను రప్పించడానికి పడే పాట్ల గురించో రాయడం నాకు అలవాటు. ఈసారి పిల్లలు ఎన్నడూ చూడని, పెద్దలు కూడా చూడకుండా తిప్పేసే ఒక పుట గురించి రాయదలచాను. పుస్తకం అట్ట తెరవగానే గ్రంథనామం, రచయిత పేరు ఉన్న ముఖపత్రం కనబడుతుంది కదా, దాని వెనుక పుట అది. ప్రథమ ముద్రణ ఎప్పుడు, ప్రతులు ఎన్ని, వెల ఎంత, ప్రతులు ఎక్కడ దొరుకుతాయి అన్న వివరాలు అక్కడ చిన్న అక్షరాలలో ఉంటాయి. ఆ పుటను ఖాళీగా వదిలినందుకు మేము ఒక పుస్తకాన్ని పద్నాలుగేళ్ళు పోగొట్టుకున్నాము.

మదురై బస్సు దిగిన ప్రతివారికీ మాట్టుతావణి తెలుసు. ఇప్పుడక్కడ పెద్ద బస్ స్టాండు, పూల మార్కెట్టు, పండ్ల మార్కెట్టు ఉన్నాయి. పేరు మాత్రం పశువుల సంతది. తమిళంలో 'మాడు' అంటే పశువు, 'తావణి' అంటే పశువులను వరుసగా కట్టే పొడవైన తాడు. మన రైతుల మాటలో దామెన. ఆ చుట్టుపక్కల వీధులలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. విశ్వనాథ నాయకుని కాలం నుండి, అంటే పదహారవ శతాబ్ది నుండి, వలస వచ్చినవారి సంతతి కొందరు, నేతపనివారు కొందరు, నగర పారిశుద్ధ్యపు బరువంతా తరతరాలుగా మోస్తున్న అరుంధతీయులు కొందరు. 2011 జనాభా లెక్కలలో తమిళనాడు మొత్తం మీద తెలుగు మాతృభాష అని చెప్పినవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో ఎక్కువమందికి తెలుగు నోటిలో ఉంది, చేతిలో లేదు. మాట వచ్చు, అక్షరం రాదు.

అటువంటి ఇళ్ళలోని పిల్లల కోసం 2009లో మేము నలుగురు ఉపాధ్యాయులం, కొందరు తల్లిదండ్రులు కలిసి 'మా ఇంటి మాటలు' అనే చిన్న పుస్తకం వేశాము. 96 పుటలు, 300 ప్రతులు. వంటింటి మాటలు, చుట్టరికాల పేర్లు, పొడుపుకథలు, సామెతలు, జోలపాటలు. అన్నీ వీధి వీధి తిరిగి ముసలివారిని అడిగి రాసుకున్నవే. ఎడమ పుటలో తెలుగు అక్షరాలు, కుడి పుటలో అదే పాఠం తమిళ అక్షరాలలో. పిల్లలకు తెలిసిన లిపి నుండి తెలియని లిపికి నడిపించాలన్నది మా ఉద్దేశం. పిల్లలు భయపడకుండా చేతిలోకి తీసుకోవాలని అట్ట మీద పేరును తమిళ అక్షరాలలో పెద్దదిగా, తెలుగులో చిన్నదిగా వేశాము. శివకాశిలో అచ్చు వేయించాము. ముఖపత్రం వెనుక ఏమి వేయాలని అచ్చాపీసువారు అడిగితే ఒక్క క్షణం ఆలోచించి, వినాయకుడి బొమ్మ వేయమన్నాము.

రచయితలుగా మా పేర్లు వేసుకోవడం మాకు ఇష్టం లేకపోయింది. పాటలు మావి కావు, మాటలు మావి కావు, పేర్లెందుకు అనుకున్నాము. పాటలు చెప్పినవారి పేర్లు వేస్తే జాబితా పెద్దదవుతుంది, ఒకరి పేరు మరచిపోతే మనసు నొచ్చుకుంటారు. అందువల్ల వారి పేర్లూ వేయలేదు. సంవత్సరం వేయడం మరచిపోయాము. చివరి పుట అడుగున అచ్చాపీసు పేరు, ఊరు మాత్రం ఉన్నాయి. అవీ మేము వేసినవి కావు. అచ్చువేసినవారి పేరు, చోటు ప్రతి పుస్తకం మీద ఉండి తీరాలని 1867 నాటి చట్టం అప్పట్లో చెప్పేది గనుక వారు వేసుకున్నారు.

రెండు ప్రతులను నగరంలోని ఒక గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చి, రసీదు తీసుకుని, ఘనకార్యం చేసినట్లు ఇంటికి వచ్చాము.

2023లో ఒక సాయంత్రం తరగతి ముగిశాక ఒక అమ్మాయి నా కోసం వేచి ఉన్నది. చంకలో నెలల బిడ్డ. పెళ్ళయి తిరుప్పూరు వెళ్ళిన పిల్ల. చిన్నప్పుడు నా తరగతికి నాలుగు వారాలు వచ్చి మానేసిందని తనే చెప్పింది. మా పుస్తకంలోని జోలపాటలలో పదకొండు వాళ్ళ అవ్వ చెప్పినవి. ఆ అవ్వకు ఏ లిపీ రాదు. మేము రాసుకుంటూ ఉంటే, "అచ్చులో ఉంటే నా పిల్లకాయలు ఎప్పుడైనా చూస్తారు కదా సార్" అన్నది నాకు బాగా జ్ఞాపకం. అవ్వ 2015లో కాలం చేసింది.

"అమ్మకు రెండు పాటలే వస్తాయి సార్. మిగతావి మీ పుస్తకంలో ఉన్నాయంట. లైబ్రరీకి పోయి అడిగితే తెలుగులో అట్లాంటి బుక్కే లేదన్నారు" అన్నది ఆ అమ్మాయి.

నా దగ్గర మిగిలిన ప్రతులు ఒక వానాకాలం మిద్దె కారి ముద్దయిపోయాయి. తోటి ఉపాధ్యాయులలో ఇద్దరు ఊళ్ళు మారారు, ఒకరు లేరు. పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు అచ్చయిపోయాయి కదా అని ఎప్పుడో పారేశాము. ఇక ఆ గ్రంథాలయంలోని రెండు ప్రతులే దిక్కు. మరుసటి శనివారం నేనే వెళ్ళాను. కంప్యూటరులో తెలుగు పుస్తకాల జాబితా వెదికారు, లేదు. నా పేరుతో వెదికారు, లేదు. 'మా ఇంటి మాటలు' అని వెదికారు, లేదు. పాత పుస్తకాలు తీసివేసినప్పుడు పోయి ఉంటుందన్నారు.

మూడవ శనివారం అక్కడి గ్రంథపాలకులు ఒక ఉపాయం చెప్పారు. పుస్తకం కొన్నదైనా, ఎవరైనా ఇచ్చినదైనా, లోపలికి వచ్చిన రోజున వరుస సంఖ్య వేసి రిజిస్టరులో ఎక్కిస్తారు. నా దగ్గర రసీదు మిగిలి ఉంది, దాని మీద తేదీ ఉంది. ఆ తేదీ పట్టుకుని బీరువా అడుగు నుండి పాత రిజిస్టరు తీయించారు. వరుస సంఖ్య దొరికింది. ఆ సంఖ్యతో కంప్యూటరులో చూస్తే మా పుస్తకం బయటపడింది.

దాని వివరాలు ఇలా ఉన్నాయి. పేరు: మా ఇండి మాడలు. భాష: తమిళం. రచయిత: శివకాశి అచ్చాపీసు పేరు. ప్రచురణ సంవత్సరం: తెలియదు. విషయం: పిల్లల పాటలు.

మీలో తమిళం చదవగలవారికి ఏమి జరిగిందో వెంటనే తెలిసి ఉంటుంది. తమిళ లిపిలో ట, డ అనే రెండు ధ్వనులకూ ఒకటే అక్షరం. అనునాసికం తరువాతా, రెండు అచ్చుల నడుమా దానిని 'డ' అని పలకడం తమిళుల పద్ధతి. 'ఇంటి' అని మేము రాసినది వారికి 'ఇండి' అయింది, 'మాటలు' 'మాడలు' అయింది. తరగతిలో ఈ చిక్కును పిల్లలకు నేనే వందసార్లు చెప్పి ఉంటాను. అట్ట మీద అదే చిక్కును నేనే పెద్ద అక్షరాలలో పెట్టానని మాత్రం తోచలేదు.

పుస్తకం తమిళ పిల్లల పాటల అరలో, ఇద్దరు లావుపాటి పొరుగువారి నడుమ, ఒక్కసారి కూడా ఎవరూ తీసుకువెళ్ళని స్థితిలో దొరికింది. రెండవ ప్రతి దొరకలేదు. గ్రంథపాలకులు నొచ్చుకుంటూ క్షమించమన్నారు. నేనే ఆయనను క్షమించమని అడిగాను. తప్పు మాది. ఆయనకు తమిళం, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. రోజూ పదుల సంఖ్యలో పుస్తకాలు బల్ల మీదికి వస్తాయి. ఒక్కొక్కదానిని చదివి తేల్చే తీరిక లోకంలో ఏ గ్రంథపాలకునికీ ఉండదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు సూచీకరణకు పెట్టిన నియమాలలో ఒకటి ఇదే: గ్రంథానికి సంబంధించిన వివరాలను ముఖపత్రం నుండి, దానికి కొనసాగింపుగా ఉండే పుటల నుండి గ్రహించాలి. అంటే సూచిక తయారుచేసేవారు నమ్మవలసిన సాక్షి ఆ కాగితమే. మేము ఆ సాక్షి నోరు నొక్కి, వినాయకుడిని కూర్చోబెట్టాము.

నిజానికి ఈ సంగతి మన పూర్వులకు మనకంటె బాగా తెలుసు. తాళపత్రాలకు ముఖపత్రాలు లేవు. ఆకు విరిగిపోవచ్చు, కట్ట విడిపోవచ్చు. అందుకే కవులు ప్రతి ఆశ్వాసం చివరా గద్య రాశారు. కవి ఎవరు, ఎవరి కుమారుడు, గ్రంథం పేరు ఏమిటి, ఇది ఎన్నవ ఆశ్వాసం అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉంటాయి. మనం పిల్లలకు పద్యం చెప్పి గద్య వదిలేస్తాము, పరీక్షలో రాదు గనుక. కాని భాగవతంలో పంచమ స్కంధం బొప్పరాజు గంగన రచన అని, షష్ఠ స్కంధం ఏర్చూరి సింగన రచన అని, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ రచన అని మనకు ఎలా తెలిసింది? ఆ గద్యల వల్లనే. అవే లేకుంటే అదంతా పోతన గారి ఖాతాలోనే పడి, ఆ ముగ్గురి పేర్లు మాసిపోయి ఉండేవి. ఈనాడు గ్రంథాలయాలు అడిగే సమాచారం ఆ గద్యకు కొత్త రూపం మాత్రమే.

గద్య లేనప్పుడు ఏమవుతుందో చూడడానికి మదురై దాటి పోనక్కరలేదు. కృష్ణదేవరాయల కాలపు సంగతులు చెప్పే రాయవాచకము అనే వచన గ్రంథం ఉంది కదా. విశ్వనాథ నాయకుని స్థానాపతి పంపిన నివేదిక రూపంలో అది సాగుతుంది. స్థానాపతి పేరేమిటో అందులో లేదు. 1993లో దానిని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగొనర్, అది రాయల కాలానిది కాదని, తరువాతి తరాలలో మదురై నాయకుల ఆస్థానంలో పుట్టిన రచన అని వాదించారు. చక్కని తెలుగు వచనం రాసిన ఆ మనిషి పేరు మనకు దక్కలేదు. జాబితాలలో ఆయన ఒక ఉద్యోగంగానే మిగిలాడు. అదే మదురైలో, పద్దెనిమిదవ శతాబ్ది తొలినాళ్ళలో, విజయరంగ చొక్కనాథుని కాలంలో జైమినీ భారతాన్ని వచనంగా రాసిన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని పేరు మాత్రం సాహిత్య చరిత్రలలో నిలిచింది. ఇద్దరూ ఈ ఊరి వచనకారులే. ఒకరిని పేరు పెట్టి పిలవగలం, మరొకరిని పిలవలేము.

మా అవ్వ సంగతి ఈ రెండవ కోవలోనే చేరింది. పదకొండు పాటలు ఇచ్చింది. ఆమె పేరు ఎక్కడా లేదు, అచ్చాపీసు పేరు ఉంది.

అచ్చు వచ్చాక ఈ పని కొంతకాలం ప్రభుత్వమే చేసింది. పైన చెప్పిన 1867 చట్టం కింద రాష్ట్రంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక చిట్టా ఉండేది. పేరు, భాష, రచయిత, విషయం, అచ్చయిన చోటు, తేదీ, పుటలు, ప్రతుల సంఖ్య, వెల, హక్కుదారు పేరు దానిలో ఎక్కేవి. మద్రాసు రాజధానిలో మూడు నెలలకొకసారి ఆ జాబితాలను గెజెట్టు అనుబంధంగా ప్రకటించేవారు. ఎవరికీ తెలియని పల్లెటూరి శతకం కూడా అందులో ఒక వరుసగా నిలిచింది. దేశాన్ని కనిపెట్టి ఉండడానికి తెల్లవారు చేసిన చట్టమే అయినా, ఎన్నో తెలుగు పుస్తకాలకు అది జన్మపత్రిక అయింది. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. కొత్తది పత్రికలకే పరిమితం, పుస్తకాలు దాని పరిధిలో లేవు.

ఇప్పుడు మిగిలినది 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం. దాని ప్రకారం పుస్తకం వెలువడిన ముప్పై రోజులలోగా ప్రచురణకర్త తన ఖర్చుతో ఒక ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, ఒక్కొక్క ప్రతిని మద్రాసు కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు పంపాలి. సొంతంగా అచ్చువేసుకున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రచురణకర్త మనమే. మాలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఆ నాలుగు ప్రతులు అప్పుడే పంపి ఉంటే, 1896 నుండి పుస్తకాలు దాచుకుంటున్న కన్నెమరాలో అవ్వ పాటలు ఈపాటికి ఉండేవి.

కొన్ని దేశాలలో పుస్తకం అచ్చుకు పోకముందే ప్రచురణకర్త ఆ వివరాలను గ్రంథాలయానికి పంపి, వారు తయారుచేసిన సూచీపత్రాన్ని ముఖపత్రం వెనుక అచ్చు వేస్తారు. అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయం ఈ పద్ధతిని 1971లో మొదలుపెట్టింది. రంగనాథన్ గారు ఇటువంటి దానినే పుస్తకం పుట్టకముందటి వర్గీకరణ అనేవారు, బిడ్డ కడుపులో ఉండగానే పేరు ఆలోచించి పెట్టుకున్నట్లు. అయితే సొంతంగా అచ్చువేసుకునే రచయితలకు కాంగ్రెస్ గ్రంథాలయం ఆ సేవ అందించదు. అక్కడివారు ఆ వివరాలను తామే తయారుచేసుకుంటారు, లేదా తెలిసినవారి చేత చేయించుకుంటారు. మనమూ అలాగే చేసుకోవచ్చు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య తీసుకుంటే చాలు, అన్నీ అవే వస్తాయని. ఆ సంఖ్యను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. తప్పక తీసుకోండి. కాని 978 తరువాత వచ్చే 81 గాని 93 గాని ఇది భారతదేశపు పుస్తకమని మాత్రమే చెబుతుంది. తెలుగా, తమిళమా అన్నది అందులో లేదు. బస్సు టిక్కెట్టు మీది సంఖ్యను చూసి ప్రయాణికుడి ఇంటిభాష చెప్పలేము కదా, అలాంటిదే ఇదీ.

2024లో పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేశాము. ఈసారి వెనుక పుట కోసం ఆ గ్రంథపాలకుల దగ్గరే రెండు గంటలు కూర్చున్నాను. అప్పుడు నేర్చుకున్నవి, మీలో చిన్న వాచకాలో, పదకోశాలో, ఊరి పాటలో సొంత ఖర్చుతో వేసుకునేవారికి ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

1. గ్రంథనామాన్ని మూడు లిపులలో వేయండి: తెలుగు, తమిళం, ఇంగ్లీషు. ఇంగ్లీషు అక్షరాలలో ఎలా రాయాలో మీరే నిర్ణయించి అచ్చు వేస్తే, 'మాటలు' 'మాడలు' కాకుండా ఉంటుంది.

2. భాషను, లిపిని విడివిడిగా చెప్పండి. "భాష: తెలుగు. లిపి: తెలుగు, తమిళం" అన్న ఒక్క వరుస మా పుస్తకాన్ని కాపాడి ఉండేది. కంప్యూటరు సూచికలలో భాషకు ఒక చోటు, లిపిని గురించిన వివరణకు మరొక చోటు ఉన్నాయి. తమిళ లిపిలో ఉన్న తెలుగు పుస్తకం తెలుగు పుస్తకమే.

3. రచయిత లేకపోతే సేకరించినవారి పేరు, కూర్చినవారి పేరు వేయండి. వినయం కొద్దీ పేరు మానేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, మరెవరి పేరో వచ్చి కూర్చుంటుంది.

4. పేరును ఎప్పుడూ ఒకే తీరున రాయండి. మనలో చాలామంది ఈ నాటి పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం వేసుకుంటాము. ఆంధ్రలోని బంధువులు ఇంటిపేరు వేసుకుంటారు. ఒక పుస్తకానికి ఒకటి, మరొకదానికి మరొకటి వేస్తే, సూచికలో ఒకే మనిషి ఇద్దరవుతాడు.

5. పాటలు, కథలు చెప్పినవారి పేర్లు, ఊళ్ళు, వారి అనుమతితో ఒక పుటలో వేయండి. జాబితా పెద్దదైతే కానివ్వండి.

6. ప్రచురణకర్త పేరు, ఊరు, సంవత్సరం, ఎన్నవ ముద్రణ, పుటల సంఖ్య తప్పనిసరి. సంస్థ లేకపోతే మీ పేరే ప్రచురణకర్త పేరు. అచ్చాపీసు పేరుకు ముందు 'ముద్రణ' అన్న మాట ఉండాలి.

7. విషయాన్ని రెండు మూడు మాటలలో, తమిళంలోనూ ఇంగ్లీషులోనూ కూడా రాయండి: తెలుగు జోలపాటలు, మదురై జిల్లా, తెలుగు భాష, పఠన వాచకాలు. తెలుగు రాని గ్రంథపాలకునికి అదే దారి.

8. వర్గసంఖ్య తెలిసినవారిని అడిగి వేయండి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827, తమిళ సాహిత్యానికి 894.811. తెలుగు భాషకు 494.827. మీ పుస్తకం పాటలదా, భాష నేర్పేదా అన్నదానిని బట్టి సంఖ్య మారుతుంది. నిశ్చయంగా తెలియకపోతే వేయవద్దు. తప్పు సంఖ్య కంటె ఖాళీ మేలు.

ఇంతా కలిపి అరపుట. ఖర్చు ఏమీ పెరగలేదు. వినాయకుడు ముందుపుటకు మారాడు.

ఇదంతా రాస్తుంటే నా మనసు మాటిమాటికీ బడి రిజిస్టరు మీదికి పోతోంది. బిడ్డను ఒకటవ తరగతిలో చేర్చే రోజు గుమాస్తా తమిళంలో అడుగుతాడు, తల్లి తమిళంలో జవాబు చెబుతుంది. మాతృభాష అన్న గడికి వచ్చేసరికి ఆయన అడగకుండానే 'తమిళం' అని రాస్తాడు. ఎవరి కుట్రా ఇందులో లేదు. విన్న భాషను ఆయన రాశాడు, అంతే. మా పుస్తకం అట్ట చూసి గ్రంథపాలకులు చేసినదీ అదే. కాని ఆ గడి అక్కడితో ఆగదు. తెలుగు తరగతి అడగడానికి వెళితే, తెలుగు పిల్లలు ఎందరని అడుగుతారు. రిజిస్టరు తీస్తే ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయ్యాక, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు తమ భాషకు చోటు కావాలని అడిగిన ప్రతిసారీ ముందు చూపవలసినది ఈ కాగితాలే. తమిళం నేర్చుకోవడంలో మాకు ఏ అభ్యంతరమూ లేదు, మా పిల్లలు తమిళంలో చక్కగా రాస్తారు. ఇంట్లో ఉన్న భాషను కూడా కాగితం మీద ఉన్నట్లు చూడాలన్నదే మా కోరిక.

గ్రంథాలయాలకూ ఇదే లెక్క. తెలుగు అరలో పుస్తకాలు తక్కువైతే తెలుగు చదివేవారు లేరనుకుంటారు, లేరనుకుంటే కొనరు, కొనకపోతే అర ఇంకా చిన్నదవుతుంది. 2023 జూలై 15న మా నగరంలో న్యూ నత్తం రోడ్డున కలైజ్ఞర్ శతాబ్ది గ్రంథాలయం ప్రారంభమైంది. సెలవు రోజున వెళితే పిల్లలు బారులు తీరి కనిపిస్తారు, వారిలో మన ఇళ్ళ పిల్లలూ ఉంటారు. అటువంటి చోటికి మన పుస్తకం వెళ్ళినప్పుడు, అది తన భాష పేరు తానే చెప్పుకోగలగాలి. దామెనకు కట్టని దూడ సంతలో తప్పిపోతే ఎవరినీ అని లాభం లేదు.

రెండవ ముద్రణ వచ్చిన వారం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు బిడ్డ నడుస్తున్నాడు. పుస్తకం చేతికిస్తే ముందు పాటలు తీయలేదు, పాటలు చెప్పినవారి పేర్ల పుట తీసింది. అవ్వ పేరును తమిళ అక్షరాలలో గబగబా చదివేసింది. తరువాత పక్కనే ఉన్న తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ, నడుమ ఒక ఒత్తు దగ్గర ఆగి నా వంక చూసింది. నేను చెప్పాను. మళ్ళీ మొదటి నుండి చదివింది.

"మా అవ్వ పేరు ఇట్లా ఉంటుందని నాకు తెలియదు సార్" అన్నది.

నాలుగు ప్రతులు నాలుగు గ్రంథాలయాలకు రిజిస్టరు పోస్టులో పంపాము. ఆ పాత గ్రంథాలయం వారు తమ సూచికలో భాషను తెలుగుగా మార్చి, పేరు సరిచేసి, నాకు చూపించారు. 2009 నాటి ప్రతిని కూడా తెలుగు అరలోకి తెచ్చిపెట్టారు.

మీ ఇంటిలో, మీ బడిలో ఇటువంటి చిన్న పుస్తకాలు తప్పక ఉంటాయి. ఒకసారి తీసి ముఖపత్రం వెనుక పుట చూడండి. ఖాళీగా ఉంటే, ఎనిమిది వరుసలు కాగితం మీద రాసి అతికించి అయినా గ్రంథాలయానికి ఇవ్వండి. రేపు బడి తెరిచే రోజున మాతృభాష గడిలో ఏమి రాశారో కూడా, సంతకం పెట్టేముందు ఒక్కసారి చూడండి.

సెలవు.